జనాభా లెక్కలు, విచారణ పుస్తకములు: ఒక అకాడియన్ కర్షక కుటుంబ చరిత్ర

రాజవంశముల చరిత్రకు శాసనములు గలవు, ప్రశస్తులు గలవు, ఆస్థానకవుల కావ్యావతారికలు గలవు. భూమి దున్ని బ్రతికిన కుటుంబమునకు ఇట్టివేవియు లేవు. తన పూర్వులను గూర్చి వ్రాయించుకొనుటకు దానికి తీరికయు లేదు, ధనమును లేదు. అయినను కర్షకుడు లిఖితచరిత్రలో బొత్తిగా కనబడనివాడు కాడు. రెండు సందర్భములలో అతని పేరు కాగితముపైకి ఎక్కును. ప్రభుత్వము తన ప్రజలను, పశువులను లెక్కించునపుడు ఒకటి; పుట్టుక, పెండ్లి, చావు అను మూడు ఘట్టములలో మతసంస్థ అతని గడప త్రొక్కునపుడు రెండవది. ఈ రెండు విధములైన పత్రములను జోడించి ఒక సామాన్య కుటుంబచరిత్రను ఎంతవఱకు నిర్మింపవచ్చునో, ఎచ్చట ఆగవలెనో తెలిసికొనుటకు ఉత్తర అమెరికాలోని అకాడియన్ల చరిత్ర చక్కని ఉదాహరణము. అందును లెబ్లాన్ కుటుంబమును గైకొని ఈ వ్యాసమున పరిశీలింతము.

1. దేశము, జనము

అకాడియా యనునది నేటి కెనడాలోని నోవా స్కోషియా, న్యూ బ్రన్‌స్విక్ ప్రాంతములకు ఫ్రెంచివారు పెట్టిన పేరు. అది మిక్మా మొదలగు ఆదివాసి జాతుల నివాసభూమి. 1605లో ఫ్రెంచివారు అచ్చట పోర్ట్ రాయల్ అను స్థావరమును నెలకొల్పిరి. 1613లో ఆంగ్లేయులు దానిని తగులబెట్టిరి. కాపురములతో కూడిన స్థిరనివాసము 1632 తరువాతనే ఏర్పడినది. ఆ సంవత్సరమున ఇజాక్ ద రజిల్లీ సుమారు మూడువందలమందితో వచ్చెను. అతని అనంతరము ద ఓల్నే అను అధికారి జనమును పోర్ట్ రాయల్ పరిసరములకు చేర్చెను. 1654 మొదలు 1670 వఱకు ఈ ప్రాంతము మరల ఆంగ్లేయుల చేతిలో నుండెను. అందుచే ఫ్రాన్సునుండి క్రొత్త కుటుంబములు వచ్చుట దాదాపు నిలిచిపోయి, ఉన్న కొలది కుటుంబములే తమలో తాము వియ్యమంది విస్తరించెను. ఈ విషయము మున్ముందు మనకు ముఖ్యమగును.

వీరి సేద్యము విశిష్టమైనది. ఫండీ అఖాతమున సముద్రపు పోటు లోకములో మరెచ్చటను లేనంత ఎత్తు లేచును. కొన్ని తావుల పోటుపాటుల మధ్య వ్యత్యాసము పదునైదు మీటర్లకు మించును. ఆ పోటునీట మునుగు ఉప్పుచవుడు నేలలకు అకాడియన్లు మట్టికట్టలు పోసి, కట్టల అడుగున కొయ్యతూములు అమర్చిరి. తూములోని తలుపు లోపలి వాననీటిని సముద్రములోనికి పోనిచ్చును. సముద్రము పొంగునపుడు ఆ నీటి ఒత్తిడికే తనంత మూసికొనును. దీనిని వారు ‘అబ్వాతో’ అందురు. కట్ట పోసిన పిమ్మట రెండు మూడేండ్లు వానలు ఉప్పును కడిగివేసినగాని భూమి పంటకు రాదు. కట్టలు పోయుట, కాపాడుట ఒక్క ఇంటివారి వలన నగు పని కాదు. అందుచే అన్నదమ్ములు, అల్లుండ్రు, వియ్యంకులు దగ్గఱదగ్గఱ కాపురముండిరి. లెక్కల పట్టికలలో ప్రక్కప్రక్కన కనబడు పేర్ల వెనుక తఱచుగా బంధుత్వముండుటకు ఇది యొక కారణము.

2. 1671 నాటి లెక్క

1670లో అకాడియా ఫ్రెంచి పాలనకు తిరిగి వచ్చెను. మరుసటి సంవత్సరమున లొరాన్ మొలాన్ అను ఫ్రాన్సిస్కన్ గురువు పోర్ట్ రాయల్ ప్రాంతమున ఇంటింటికి తిరిగి పేర్లు వ్రాసికొనెను. యజమాని పేరు, వృత్తి, వయస్సు, భార్య పేరు, ఆమె వయస్సు, బిడ్డల పేర్లు, వయస్సులు, పశువులు, గొఱ్ఱెలు, సాగుభూమి - ఇవి అందలి అంశములు. అప్పుడు తేలిన జనము సుమారు డెబ్బది కుటుంబములు, నాలుగువందలకు ఇంచుమించైన మనుష్యులు. ఒక జాతి మొత్తమునకు మూలపురుషుల పట్టిక ఇంత చిన్న పత్రములో ఇమిడియుండుట అరుదు.

ఈ లెక్కకు అందఱును సుముఖులుగా నుండలేదు. పియేర్ మెలాన్సొన్ అను దర్జీ తన వయస్సును గాని, పశువుల సంఖ్యను గాని చెప్ప నిరాకరించెను. ఇటువంటి వార్తలకై వీథులవెంట తిరుగుటకు నీకేమైన పిచ్చియా అని అతని భార్య గురువును అడిగెనట. ఎతియెన్ రొబిషో అను రైతు ఇల్లు విడిచిపోయి, పశువుల లెక్క చెప్పనని భార్యచేత చెప్పించెను. పీపాలు చేయు పియేర్ లానూ తాను ఆరోగ్యముగానే యున్నాననియు, వయస్సు చెప్పననియు కబురంపెను. మొలాన్ గురువు ఈ నిరాకరణములను యథాతథముగా వ్రాసియుంచెను. పశువుల లెక్క వెంట పన్ను వచ్చునను భయము రైతునకు సహజము. కావున ఈ పట్టికలలోని ఆస్తి వివరములకన్న పేర్లు, వయస్సులు కొంత ఎక్కువ నమ్మదగినవని గ్రహింపవలెను. ఒక పత్రము ఏ ప్రయోజనమునకై పుట్టినదో తెలిసినగాని అందలి ఏ మాటకు ఎంత విలువ ఈయవలెనో తెలియదు.

ఈ పట్టికలోనే దానియేల్ లెబ్లాన్ కనబడుచున్నాడు. వృత్తి సేద్యము; వయస్సు 45. భార్య ఫ్రాన్స్వాజ్ గోదే, వయస్సు 48. కుమారులు ఆరుగురు: జాక్ 20, ఎతియెన్ 15, రెనే 14, ఆంద్రే 12, ఆంత్వాన్ 9, పియేర్ 7 ఏండ్లవారు. కుమార్తె ఫ్రాన్స్వాజ్ 18 ఏండ్లది. అప్పటికే మార్తాన్ బ్లాన్షార్ అను యువకుని భార్య. ఈ యొక్క కుటుంబమునుండియే కాలక్రమమున అకాడియన్ వంశములన్నింటిలో మిక్కిలి విస్తారమైనది ఏర్పడినది.

ఇచ్చట తెలుగు పాఠకుడు ఒక విశేషమును గమనింపవలెను. మన దేశమున స్త్రీ పెండ్లియైన పిమ్మట భర్త ఇంటిపేరు ధరించుట సామాన్యము. ఫ్రెంచి పత్రములలో స్త్రీ జీవితాంతము పుట్టినింటి పేరుతోనే వ్యవహరింపబడును. దానియేల్ భార్య ‘లెబ్లాన్’ కాలేదు. మరణించువఱకు ‘గోదే’గానే నిలిచినది. ఈ యాచారమే లేకున్నచో అకాడియన్ వంశచరిత్రలో సగభాగము, అనగా తల్లుల వంశము, చీకటిలో పడిపోయెడిది.

3. లెక్కలను పోల్చు విధము

ఒక్క లెక్క ఒక్క క్షణపు చిత్రము. కాలగమనము తెలియవలెనన్న అనేక చిత్రములను వరుసగా ఉంచి చూడవలెను. అకాడియాకు 1671 తరువాత 1678, 1686, 1693, 1698, 1700, 1701, 1703, 1707, 1714 సంవత్సరముల లెక్కలు గలవు. వీనిలో కొన్ని ప్రతి వ్యక్తి పేరును, వయస్సును చెప్పును. కొన్ని యజమాని పేరుమాత్రము చెప్పి, భార్య, కుమారులు, కుమార్తెలు అని అంకెలు వేయును. అంకెలమాత్రపు లెక్కను పేర్లున్న లెక్కలతో సరిచూచి పూరించుకొనవలెను.

వయస్సుల విషయమున మొదటి పరీక్ష జరుగును. దానియేల్ 1671లో 45, 1686లో 60 ఏండ్లవాడు. రెండును 1626 ప్రాంతపు జననమును సూచించుచున్నవి. ఇట్టి పొందిక ఎల్లప్పుడు దొరకదు. చెప్పువారు అంచనాగా చెప్పుట, వ్రాయువారు పదులకో అయిదులకో సవరించుట సామాన్యము. కావున ఒక్క లెక్కలోని వయస్సును బట్టి జన్మసంవత్సరము నిర్ణయించుట సాహసము. బాల్యములో వ్రాయబడిన వయస్సు వార్ధక్యములో వ్రాయబడినదానికన్న విశ్వసనీయము. మూడేండ్ల బిడ్డను ఆఱేండ్లవాడనుట కష్టము గాని, అఱువది యేండ్లవానిని డెబ్బది యేండ్లవాడనుట తేలిక.

రెండవ పరీక్ష లేనివారిని గూర్చినది. మార్తాన్ బ్లాన్షార్ 1686 నాటికి మరియొక భార్యతో కనబడును. అనగా దానియేల్ కుమార్తె 1671కిని, 1686కిని నడుమ మరణించినదని ఊహింపవలెను. ఆమె మరణమును చెప్పు పత్రము మఱియొకటి లేదు. దానియేల్ ఆరుగురు కుమారులలో సంతతి నిలిచినది అయిదుగురికే; ఎతియెన్ శాఖ లేదు. దానియేల్ 1693 లెక్కలో భార్యతో కూడి యున్నాడు. 1698 నాటికి ఆమె వితంతువు. అతని మరణతేదీ మనకు దొరకదు. ఈ రెండు హద్దుల నడుమ జరిగినదని మాత్రము చెప్పగలము. పరిశోధకుడు ఇట్టి సందర్భమున ‘1693-1698’ అని వ్రాయుటయే న్యాయము. రెంటికిని నడుమ ఒక సంవత్సరమును ఎన్నుకొని వ్రాసినచో, దానిని తరువాతివారు నిశ్చిత విషయముగా ఉదాహరింతురు.

లెక్కలకు వెలుపలి పత్రములును అప్పుడప్పుడు తోడ్పడును. 1690లో బోస్టన్ నుండి వచ్చిన విలియమ్ ఫిప్స్ పోర్ట్ రాయల్‌ను పట్టుకొని, స్థానిక పరిపాలనకు ఒక చిన్న సభను ఏర్పఱచెను. అందు దానియేల్ లెబ్లాన్ ఒక సభ్యుడు. దీనిని బట్టి అతడు తన జనులలో పెద్దమనిషిగా పరిగణింపబడెనని తెలియుచున్నది. జనాభా లెక్క ఈ సంగతి చెప్పజాలదు.

మూడవ పరీక్ష స్థలమును గూర్చినది. 1680 ప్రాంతమునుండి పోర్ట్ రాయల్ యువకులు మైనాస్ జలాశయపు ఒడ్డున, గ్రాన్ ప్రే పరిసరములందు క్రొత్త చవుడునేలలకు కట్టలు పోయనారంభించిరి. మొలాన్ గురువుకు లెక్క చెప్పని పియేర్ మెలాన్సొనే ఈ వలసకు మొదటివాడు. దానియేల్ కుమారులలో జాక్, రెనే, ఆంద్రే, ఆంత్వాన్ నలుగురును మైనాస్ ప్రాంతమునకు పోయిరి. కడపటివాడగు పియేర్ మాత్రము తలిదండ్రుల భూమిపై పోర్ట్ రాయల్‌లో నిలిచెను. కట్ట పోసి బాగుచేసిన నేల పరిమితము, కుమారులు ఆరుగురు. వలసకు కారణము ఈ పట్టికలలోనే దొరకుచున్నది.

4. విచారణ పుస్తకములు

కతోలిక సంఘమున ఒక గురువు పాలనలోనుండు ప్రాంతమును ‘విచారణ’ యందురు. ప్రతి విచారణలోను జ్ఞానస్నానము, వివాహము, సమాధి అను మూడింటిని పుస్తకమున వ్రాయుట గురువు విధి. జ్ఞానస్నాన లేఖనములో శిశువు పేరు, పుట్టిన దినము, తలిదండ్రుల పేర్లు, జ్ఞానపిత, జ్ఞానమాతల పేర్లు ఉండును. వివాహ లేఖనములో వధూవరుల పేర్లతోపాటు వారి తలిదండ్రుల పేర్లు, నివాసములు, సాక్షుల పేర్లు, సంతకములు లేక గుర్తులు ఉండును. సమాధి లేఖనములో మరణదినము, వయస్సు ఉండును. అనగా జనాభా లెక్క ఒక యింట ఎవరెవరున్నారో చెప్పును. విచారణ పుస్తకము వారు ఒకరికొకరు ఏమగుదురో చెప్పును. ఈ భేదమే మన పరిశీలనకు ఆధారసూత్రము.

ఈ పుస్తకములలో దక్కినవి కొన్నియే. పోర్ట్ రాయల్‌లోని సెయింట్ జాన్ బాప్తిస్త్ విచారణవి 1702 మొదలు 1755 వఱకు దక్కినవి. అంతకు పూర్వపువి లేవు. గ్రాన్ ప్రేలోని సెయింట్ చార్లెస్ విచారణవి 1707 మొదలు 1748 వఱకు గలవు. బోబసాన్ విచారణకు 1679-1686 నాటివియు, తరువాతివి కొన్నియు మిగిలినవి. మైనాస్ ప్రాంతమందలి మరికొన్ని విచారణల పుస్తకములు బొత్తిగా నశించినవి. కావున దానియేల్ వివాహమునకు గాని, అతని బిడ్డల జ్ఞానస్నానములకు గాని లేఖనము దొరకదు. మూలపురుషుల తరము లెక్కలవలన మాత్రమే తెలియును. మనుమల తరమునుండియే చర్చి పత్రముల వెలుగు ప్రసరించును.

ఉన్న లేఖనములను చదువునపుడును కొన్ని జాగ్రత్తలు అవసరము. గురువు దూరమున నున్నపుడు, శిశువు ప్రాణాపాయములో నున్నపుడు, మంత్రసానియో ఇంటి పెద్దయో అత్యవసర జ్ఞానస్నానము నిచ్చుట గలదు. తరువాత గురువు వచ్చి కర్మశేషమును పూర్తిచేయును. ఈ రెండు తేదీల నడుమ నెలలు గడచియుండవచ్చును. లేఖనపు తేదీని పుట్టిన తేదీగా గ్రహించుట పొరపాటు. మఱియు జోసెఫ్, పియేర్, మరీ, మార్గరీత్ వంటి పేర్లు ఇంటింటను ఉన్నవి. ఒకే కాలమున అనేకులు జోసెఫ్ లెబ్లాన్‌లు కనబడుదురు. వీరిని వేఱుచేయుటకు అకాడియన్లు మాఱుపేర్లు వాడిరి. అట్టివారిలో ఒకడు ‘బక్కవాడు’ అను అర్థమిచ్చు ‘ల మేగ్ర్’ అను పేరుతో ప్రసిద్ధుడయ్యెను. అతనిని గూర్చి ముందు చెప్పుదుము. మాఱుపేరు దొరకనిచోట భార్య పుట్టినింటి పేరు, జ్ఞానపితల పేర్లు, నివాసస్థలము అను మూడింటిని బట్టియే మనుష్యుని గుర్తింపవలెను. జ్ఞానపితగా నిలుచువాడు తఱచుగా మేనమామయో, పినతండ్రియో, తాతయో అగుటచే ఆ పేరు బంధుత్వమునకు సూచకము. కాని సూచకము మాత్రమే, రుజువు కాదు.

5. వివాహ మినహాయింపులు: లెక్కలు చెప్పని బంధుత్వము

చర్చి పత్రములలో పరిశోధకునకు మిక్కిలి విలువైనది వివాహ మినహాయింపు. కతోలిక ధర్మశాస్త్రము 1215 నాటి లాటరన్ సభ తీర్మానము మొదలు నాల్గవ అంతరము వఱకు గల రక్తసంబంధులకు వివాహమును నిషేధించెను. అంతరములను లెక్కించు విధము ఇది. ఇరువురకు సామాన్యమైన పూర్వుని విడిచి, అతని బిడ్డలు మొదటి అంతరము, మనుమలు రెండవది, మునిమనుమలు మూడవది, వారి బిడ్డలు నాల్గవది. వధూవరులు వేఱు వేఱు తరములవారైనచో ‘మూడవ అంతరమునుండి నాల్గవదానికి’ అని రెండును వ్రాయుదురు. ఇట్టివారు పెండ్లాడవలెనన్న ధర్మాధికారినుండి మినహాయింపు పొందవలెను. గురువు ఆ సంగతిని వివాహ లేఖనములోనే వ్రాయును.

మన ధర్మశాస్త్రములలోని సాపిండ్యగణనము తెలిసినవారికి ఈ పద్ధతి క్రొత్త కాదు. కాని రెండు భేదములు గలవు. మితాక్షర పద్ధతిలో వధూవరులనుండియే పైకి లెక్కించి, తండ్రివైపు ఏడు, తల్లివైపు అయిదు తరములు చూతురు. వీరు సామాన్య పూర్వుని బిడ్డలనుండి క్రిందికి లెక్కింతురు, తండ్రివైపు తల్లివైపు అను భేదము పాటింపరు. మఱియు తెలుగుదేశమున మేనరికము ఆచారసిద్ధము, అన్నదమ్ముల బిడ్డల నడుమ వివాహము నిషిద్ధము. కతోలిక గణనమున ఈ రెండును సమానముగా రెండవ అంతరమే. కావున ఫ్రెంచి పత్రములలోని ‘కజిన్’ అను మాటను చూచినంతనే మన బంధుత్వపదములలో ఒకదానిని దానికి అంటగట్టరాదు.

ఈ మినహాయింపుల వలన కలుగు ప్రయోజనమునకు దానియేల్ ఇల్లే చక్కని నిదర్శనము. 1671 లెక్కలో మఱియొక చోట ఆంత్వాన్ బాబిన్ అనువాడు, 26 ఏండ్ల మరీ మెర్సియే అను భార్యతో కనబడుచున్నాడు. మెర్సియే అను ఇంటిపేరుగల పురుషుడు ఆ పట్టికలో లేడు. ఈమె ఎవరి కూతురో లెక్క చెప్పదు. లెబ్లాన్ ఇంటితో ఆమెకు సంబంధమున్నట్లు సూచనయైనను లేదు. కాని తరువాతి తరములలో బాబిన్, లెబ్లాన్ సంతతుల నడుమ జరిగిన వివాహములకు రక్తసంబంధపు మినహాయింపులు అవసరమైనవి. ఇతరమార్గముల బంధుత్వము లేనిచోట గూడ ఇవి కనబడుటచే, రెండు కుటుంబములకు ఒక సామాన్య పూర్వుడో, పూర్వురాలో ఉండవలెను. అంతరములను మెట్టు మెట్టుగా పైకి లెక్కించినచో ఆ స్థానము ఫ్రాన్స్వాజ్ గోదేకు చేరును. ఆమె దానియేల్‌ను పెండ్లాడుటకు ముందు మెర్సియే అనువానిని పెండ్లాడి, అతనివలన మరీని కనినదని తేలుచున్నది. ఆ మొదటి భర్త పేరు తెలియదు. ఇంటిపేరు మాత్రము కూతురి పేరులో నిలిచినది.

ఈ నిర్ణయమును లెక్కలలోని వయస్సులతో పరీక్షింపవలెను. ఫ్రాన్స్వాజ్ 1671లో 48 ఏండ్లది, అనగా 1623 ప్రాంతమున పుట్టినది. మరీ మెర్సియే 1645 ప్రాంతమున పుట్టినది; అప్పటికి తల్లికి 22 ఏండ్లు. దానియేల్ పెద్దకుమారుడు జాక్ 1651 ప్రాంతమున పుట్టెను. ఈ ఆఱేండ్ల వ్యవధిలో మొదటి భర్త మరణము, వైధవ్యము, పునర్వివాహము ఇముడుచున్నవి. చర్చి పత్రము చూపిన బంధుత్వమును లెక్కలోని వయస్సులు ఖండింపకపోగా బలపఱచుచున్నవి. పరస్పరము సంప్రదింపని రెండు సాక్ష్యములు ఒక్క మాట చెప్పుచున్నవి. ఇదియే ఈ పద్ధతికి గల బలము.

అయినను ఇందు ప్రమాదములు లేకపోలేదు. డెబ్బది కుటుంబములు శతాబ్దమునకు పైగా తమలోతాము వియ్యమందిన సమాజమున ఒక్క మినహాయింపును అనేక మార్గములలో సమర్థింపవచ్చును. గురువు లెక్క తప్పియుండవచ్చును. వివాహముచే గలిగిన బాంధవ్యమునకు, అనగా మృతభార్య బంధువును పెండ్లాడుటకు, ఈయబడిన మినహాయింపును రక్తసంబంధముగా పొరబడవచ్చును. కావున ఒక్క లేఖనముపై వంశవృక్షమును నిలుపరాదు. భిన్నశాఖలలోని పలు లేఖనములు ఒక్క స్థానమునే చూపినపుడు మాత్రమే నిర్ణయమునకు రావలెను. స్టీఫెన్ వైట్ మొంక్టన్ విశ్వవిద్యాలయమున దీర్ఘకాలము చేసిన కృషియంతయు ఈ నియమముపై ఆధారపడినది. 1999లో వెలువడిన ఆయన అకాడియన్ కుటుంబ నిఘంటువు ప్రతి నిర్ణయమునకును ఆధారమును చూపును.

6. 1755: పత్రములు చెదరిన కాలము

1713 నాటి ఉట్రెక్ట్ సంధితో అకాడియా ప్రధానభాగము ఆంగ్లేయుల వశమయ్యెను. పోర్ట్ రాయల్ ‘అన్నాపొలిస్ రాయల్’ అయ్యెను. అకాడియన్లు రెండు రాజ్యముల నడుమ తటస్థులుగా ఉండగోరిరి. 1755 జూలై 28న లెఫ్టినెంట్ గవర్నర్ చార్లెస్ లారెన్స్, ఆయన సభవారు వీరిని సామూహికముగా వెడలగొట్ట నిశ్చయించిరి. సెప్టెంబరు 5న కర్నల్ జాన్ విన్స్లో గ్రాన్ ప్రే చర్చిలోనికి పురుషులను, బాలురను రప్పించి నిర్బంధించెను. అతని దినచర్యలో ఆ ప్రాంతపు పురుషుల పేర్లు, వారి కుమారుల, కుమార్తెల సంఖ్య, ఎద్దులు, ఆవులు, గొఱ్ఱెలు, పందులు, గుఱ్ఱములు వరుసగా వ్రాయబడినవి. అందలి మొత్తము జనము 1,923. లెబ్లాన్ పేరు అందు మాటిమాటికి వచ్చును. 1671లో గురువు వ్రాసిన పట్టికయు, 1755లో సైనికాధికారి వ్రాసిన పట్టికయు రూపమున దాదాపు ఒక్కటియే. మొదటిది ఒక జనపదమును పాలించుటకు, రెండవది దానిని నిర్మూలించుటకు పుట్టినవి. అంకెలకు స్వతహాగా మంచిచెడ్డలు లేవు. వానిని అడిగినవాని ఉద్దేశమే వాని స్వభావము.

దానియేల్ మనుమలలో ఇరువురి చరిత్ర ఈ కాలపు విషాదమును స్పష్టము చేయును. రెనే కుమారుడగు మఱియొక రెనే గ్రాన్ ప్రేలో ఆంగ్ల ప్రభుత్వము క్రింద పత్రలేఖకుడు. 1744లో ఆ పదవి పొందెను. ఆంగ్లేయులకు అనుకూలుడను కారణముచే ఫ్రెంచి పక్షమువారి నిర్బంధమునకు గురియయ్యెను. ఆంత్వాన్ కుమారుడగు జోసెఫ్, పైన చెప్పిన ‘బక్కవాడు’, అదే 1744లో అన్నాపొలిస్‌ను ముట్టడించిన ఫ్రెంచివారికి తోడ్పడి ఆంగ్లేయుల చెఱసాల అనుభవించెను. అన్నదమ్ముల బిడ్డలగు వీరిరువురు రెండు పక్షములవారు. కాని నిర్వాసనమున వీరికి భేదము కలుగలేదు. లేఖకుని, అతని భార్యను, చిన్నబిడ్డల నిరువురిని న్యూయార్కు తీరమున దింపిరి. తక్కిన బిడ్డలలో ముగ్గురు మాత్రమే ఫిలడెల్ఫియాలో అతనికి దొరకిరి. అచ్చటనే అతడు మరణించెను. ‘బక్కవాడు’ పెక్కు తావులు తిరిగి, తుదకు ఫ్రాన్సునకు చెందిన బెల్ ఈల్ ద్వీపమున 1772లో మరణించెను. లేఖకుడు లాంగ్‌ఫెలో 1847 నాటి ‘ఎవాంజెలీన్’ కావ్యమున పాత్రయై లోకప్రసిద్ధుడయ్యెను. అతనికి ఇరువదిమంది బిడ్డలనియు, నూటయేబదికి దాపుగా మనుమలనియు నిర్వాసితులు రాజునకు పంపిన విన్నపములో గలదు. విన్నపము కరుణ పుట్టించుటకై వ్రాయబడునది. బిడ్డల సంఖ్యను గ్రాన్ ప్రే విచారణ పుస్తకముతో సరిచూచిన పిదపనే చరిత్రగా గ్రహింపవలెను.

నిర్వాసితుల జాడ అటుపై అనేక దేశముల పత్రములలో వెదకవలసియున్నది. మసాచుసెట్స్ ప్రభుత్వ భాండారములో ‘ఫ్రెంచి తటస్థులు’ అను పేర రెండు సంపుటములు గలవు. 1763లో యుద్ధము ముగిసినపుడు మేరీలాండ్, పెన్సిల్వేనియా మున్నగు తావులలోని అకాడియన్లు ఫ్రెంచి రాయబారికి పంపిన కుటుంబ పట్టికలు గలవు. లూసియానా చేరినవారు స్పానిష్ ప్రభుత్వపు 1766, తరువాతి లెక్కలలో కనబడుదురు. 1785లో స్పెయిన్ రాజు వ్యయముతో ఫ్రాన్సునుండి సుమారు 1,600 మందిని ఏడు ఓడలలో లూసియానాకు చేర్చిరి. ఆ ఓడల పట్టికలును దక్కినవి. ఆంగ్లలేఖకుల చేతిలో పేర్లు వికృతములైనవి. కొందఱు లెబ్లాన్‌లు అర్థానువాదముచే ‘వైట్’ అయిరి. ఇంతటి అల్లకల్లోలములోను నిర్వాసితులు గ్రాన్ ప్రే విచారణ పుస్తకములను వెంటగొనిపోయి లూసియానాలోని సెయింట్ గేబ్రియల్ చర్చికి చేర్చిరి. నేడవి బాటన్ రూజ్ మేత్రాసన భాండారమున గలవు. పశువులను, కట్టలను, పొలములను విడువవలసివచ్చినవారు తమ పెండ్లిండ్ల, పుట్టుకల పుస్తకమును మాత్రము విడువలేదు.

7. బెల్ ఈల్ వాఙ్మూలములు

వర్జీనియా స్వీకరింపనొల్లని అకాడియన్లను 1756లో ఇంగ్లండునకు పంపిరి. మశూచికముచే అనేకులు చనిపోగా, మిగిలినవారు 1763లో ఫ్రాన్సు చేరిరి. వారిలో 78 కుటుంబములను 1765లో బెల్ ఈల్ ద్వీపమున నిలిపిరి. వారి విచారణ పుస్తకములు దూరమైనందున, 1767లో బ్రిటనీ అధికారుల ఆజ్ఞపై ప్రతి కుటుంబపు పెద్దయు గురువుల, సాక్షుల యెదుట ప్రమాణము చేసి తన వంశక్రమమును ఫ్రాన్సునుండి వచ్చిన మూలపురుషుని వఱకు చెప్పెను. తరతరముల పేర్లను నోటితో చెప్పి వ్రాయించిన ఈ వాఙ్మూలములు లోకమున అరుదైన పత్రములు. మెకంజీ పరివారము మన గ్రామములలో వ్రాయించిన కైఫియతులు ఎఱిగినవారికి ఇవి చిరపరిచితములుగా తోచును. అధికారి ప్రశ్న, వృద్ధుని జ్ఞాపకము, లేఖకుని కలము - ఈ మూడింటి సమ్మేళనము రెంటను ఒక్కటియే. గుణదోషములును ఒక్కటియే.

వాఙ్మూలములు దగ్గఱి తరములను గూర్చి దాదాపు నిర్దుష్టములు. దూరతరములయందు జ్ఞాపకము సరళమగును. మూలపురుషుడు భార్యతో కూడ ఫ్రాన్సునుండి వచ్చెనని పలువురు చెప్పిరి. కాని లెబ్లాన్ వంశపు విషయమున 1671 లెక్క వేఱు చెప్పుచున్నది. అందు 96 ఏండ్ల జాన్ గోదే అను వృద్ధుడు గలడు. ఆ పట్టికలో అతడే అందఱికన్న పెద్ద. ఫ్రాన్స్వాజ్ అతని కూతురని పరిశోధకులు అంగీకరించిరి. మెర్సియేతో ఆమె మొదటి వివాహమును గూడ కలిపి చూచినచో, దానియేల్‌తో పెండ్లి పోర్ట్ రాయల్‌లోనే 1650 ప్రాంతమున జరిగెనని తేలును. నూఱేండ్లు గడచిన పిమ్మట వంశస్థుల జ్ఞాపకమున తాతగారి మామగారును, అవ్వ మొదటి భర్తయు చెరగిపోయి, ‘తాత, అవ్వ కలిసి వచ్చిరి’ అను చక్కని వాక్యము మిగులుట సహజము. అది అసత్యము చెప్పుట కాదు. మరపు చేయు సంక్షేపము.

దానియేల్ ఫ్రాన్సులోని ఏ గ్రామమువాడు? జెనెవియేవ్ మసిన్యోన్ 1962లో అకాడియన్ల మాండలికములపై ప్రకటించిన గ్రంథమున, పలు కుటుంబముల మూలము పశ్చిమ ఫ్రాన్సులోని లూదున్ ప్రాంతమని ప్రతిపాదించెను. భాషాశాస్త్రము వంశచరిత్రకు తోడైన సందర్భమిది. తెలుగుశాఖలోని పరిశోధకులకు ఆలోచింపదగినది. కాని లెబ్లాన్ వంశమునకు ఆ ప్రాంతపు జ్ఞానస్నాన లేఖనము ఏదియు ఇంతవఱకు రుజువు కాలేదు. పలుకుబడి ప్రాంతమును సూచింపగలదు, వ్యక్తిని నిరూపింపలేదు.

8. ఉపసంహారము

పై పరిశీలనవలన తేలిన విషయములను సంగ్రహింతము. జనాభా లెక్క సహనివాసమునకు సాక్షి. విచారణ పుస్తకము సంబంధమునకు సాక్షి. వాఙ్మూలము జ్ఞాపకమునకు సాక్షి. ఏ ఒక్కటియు తనంత చాలదు. లెక్కను మాత్రమే నమ్మినచో మరీ మెర్సియే తల్లిలేనిదగును. వాఙ్మూలమును మాత్రమే నమ్మినచో ఫ్రాన్స్వాజ్ గోదే తండ్రిలేనిదగును. మినహాయింపులను మాత్రమే నమ్మినచో ఊహకు హద్దుండదు. మూడును కలిసి ఒక్క మాట చెప్పినచోట నిశ్చయము. రెండు చెప్పినచోట సంభావ్యము. ఒక్కటియే చెప్పినచోట ఆ సంగతిని ఆ పత్రము పేరుతోనే చెప్పి ఊరకుండుట యుక్తము.

ఈ శ్రమ కేవలము కుతూహలమునకు కాదు. తల్లిని ఒక ఓడలోను, బిడ్డను మరియొక ఓడలోను ఎక్కించిన జాతికి వంశవృక్షము విలాసవస్తువు కాదు. విడిపోయినవారిని కాగితముమీదనైన కలుపు ఏకైక సాధనము. 2003లో కెనడా ప్రభుత్వము రాజప్రకటనచే 1755 నాటి నిర్వాసనమును, దానివలన కలిగిన దుఃఖమును అంగీకరించి, జూలై 28ని స్మారకదినముగా నిర్ణయించెను. 2012లో గ్రాన్ ప్రే పొలములు యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలముల పట్టికలో చేరినవి. పోర్ట్ రాయల్ విచారణ పుస్తకముల ప్రతిబింబములను నోవా స్కోషియా భాండారమువారు నేడు ఎల్లరకు అందుబాటులో నుంచిరి. సాధనములు సులభమైన కొలది తప్పుల వ్యాప్తియు సులభమైనది. ఆధారము చూపని ఒక్క తేదీ, రెండు జోసెఫ్‌లను ఒక్కటిగా చేసిన ఒక్క పొరపాటు, క్షణములో వేలకొలది వంశవృక్షములకు ప్రాకుచున్నది. విడదీయబడినవారిని తప్పుగా కలుపుట వారిని మరల విడదీయుటయే యగును. కావున దానియేల్ లెబ్లాన్ మరణమునకు ఎదురుగా ‘1693-1698’ అని వ్రాసి ఆగుటలోని నిగ్రహమే ఈ శాస్త్రమునకు మొదటి పాఠము.